బాల్యంలోనే మరణించారు

హేమలత చేసే పనేమిటో మార్కాపురంలో ఆమె ఉండే వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. కంప్యూటర్ పని అనుకుంటారు. నిజానికి ఆమె చచ్చిపోయిన ఇంగ్లీషు వాళ్ళను వెతికిపెడుతుంది. పాత వీలునామాలు, చర్చి పుస్తకాల్లోని బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల లెక్కలు ముందేసుకుని, ఆ వంకర టింకర రాతను కూడబలుక్కుని చదివి, ఎవరికి ఎవరు పుట్టారో వరసగా వంశవృక్షం గీసి పంపుతుంది. ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం ఊడినాక దొరికిన పని అది.

ఆమె భర్త ఆనంద్ పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసి నలభై ఏళ్ళకే పోయాడు. కాగితం మీద మాత్రం టీబీ అని రాశారు. దుమ్ము అని రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. ఆ ఒక్క మాట దిద్దమని హేమలత ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఎవరూ దిద్దలేదు. ఇప్పుడు ఇంట్లో ఆమె, పదకొండేళ్ళ కూతురు ప్రియదర్శిని, అంతే.

ఆ ఏడు ఎండాకాలంలో కరోలిన్ వెదర్లీ అనే ఇంగ్లండు ఆవిడ ఉత్తరం రాసింది. వాళ్ళ వంశంవాడు థామస్ వెదర్లీ నల్లమలలో రైలు కట్ట వేయించడానికి వచ్చి, గిద్దలూరు దగ్గర జ్వరంతో చనిపోయాడట. అతని వీలునామా తన దగ్గర ఉందని, సమాధి వివరాలు కావాలని అడిగింది. ఆగస్టులో వాళ్ళ వంశం వాళ్ళంతా ఒకచోట కలుస్తారు. అప్పటికి పుస్తకం అచ్చు వేయాలి. పని నచ్చితే ఇంకో పది కుటుంబాలకు హేమలత పేరు చెబుతానంది.

వీలునామా చిన్నది. 1889లో రాసింది. 'నా ఇంట ఉన్న గురవమ్మ పిల్లలు ఆన్, జాన్ ఇద్దరూ నా పిల్లలే. నాకున్నదంతా వాళ్ళది. వాళ్ళు బతికి లేకుంటే నా తమ్ముడు హెన్రీది.'

ఆ చివరి వాక్యం దగ్గర హేమలత కాసేపు ఆగింది.

గిద్దలూరు దాటి అడవి వైపు పోతే, రైలు కట్ట పక్కన ఒక పల్లెలో ఆ కాలపు చర్చి ఇంకా ఉంది. దాన్ని చూసుకునే బెన్నీ అనే పెద్దాయన, ఆమె ఫోన్ చేస్తే రమ్మన్నాడు. బస్సు దిగేసరికి పన్నెండు దాటింది. రోళ్ళు పగిలే ఎండ. చర్చి వెనక చిన్న గది తలుపు తీసి, చెక్కపెట్టెలోంచి రెండు పుస్తకాలు బయట పెట్టాడు బెన్నీ.

"నేను అన్నం తినేసి వస్తానమ్మా. నువ్వు నిమ్మళంగా చూసుకో" అని చెప్పి, తలుపు దగ్గరకేసి పోయాడు.

గదిలో ఒకటే కిటికీ. దానికి రేకు కొట్టి ఉంది. కరెంటు లేదు. రేకు సందులోంచి కత్తిలాంటి ఎండ చార ఒకటి బల్ల మీద పడుతోంది. ఆ వెలుగులోకి పుస్తకాన్ని జరుపుకుంటూ చదివింది. చెదలు, గబ్బిలాల కంపు. ఎక్కడో గోడలో పురుగు కరకరా కొరుకుతున్న చప్పుడు.

సమాధుల పుస్తకంలో థామస్ దొరికాడు. 1889 మే రెండు. దాని కింద, జూన్ ఐదున, ఇంకో రెండు పేర్లు. ఆన్, ఆరేళ్ళు. జాన్, నాలుగేళ్ళు. వాంతులు, భేదులు. చెప్పినవారు: హెన్రీ వెదర్లీ, చిన్నాన్న.

పాపం అనుకుంది. రెండో పుస్తకం తెరిచింది. అది బాప్తిస్మాల పుస్తకం. ఊరికే తిప్పుతుంటే వేలు ఒకచోట ఆగిపోయింది. అదే సంవత్సరం ఆగస్టు పదకొండు. ఆన్, ఆరేళ్ళు. జాన్, నాలుగేళ్ళు. తల్లి గురవమ్మ. వేరే పాదిరి చేతిరాత.

జూన్‌లో పూడ్చిన పిల్లలకు ఆగస్టులో బాప్తిస్మం ఇచ్చారు.

హేమలతకు ఒళ్ళు మండింది. ఆస్తి కోసం, బతికున్న పిల్లల్ని పుస్తకంలో చంపేశాడు చిన్నాన్న. అంత తేలిక. ఒక సిరా చుక్క చాలు.

"ఏం రాసినారు తల్లీ?"

ఉలిక్కిపడి చూసింది. తలుపు పక్కన, నీడలో, గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ముతక చీర, మోకాళ్ళ చుట్టూ చేతులు. బెన్నీ ఇంటి మనిషేమో అనుకుంది.

"పాత రాతలమ్మా. ఎప్పటియో."

"నా పిల్లోళ్ళ సంగతి ఏం రాసినారో చదువు."

గొంతు చాలా మెల్లగా ఉంది. గదిలో గబ్బిలాల కంపు పోయి, అప్పుడే తవ్విన మట్టి వాసన వచ్చింది. పచ్చి మట్టి... తడి మట్టి. బయటేమో మూడు నెలలుగా వాన చుక్క లేదు.

"నీ పిల్లలు... ఎవరు?"

ఆ మనిషి పుస్తకం వంకే చూసింది. చదవమన్నట్టు ఎదురుచూసింది. ఎందుకు చదివిందో హేమలతకే తెలియదు. జూన్ ఐదు అని మొదలుపెట్టి, రెండు పేర్లూ చదివింది.

"పూడ్చినారని ఉండాదా?"

"ఉంది."

"ఆ పొద్దు ఇద్దరూ నా పక్కనే కూర్చొని సంగటి తిన్యారు. దొర తమ్ముడు రాయించినాక ఎవురూ పిల్చలేదు వాళ్ళని. బడిలో పిల్చలేదు. గింజలిచ్చేకాడ పిల్చలేదు. సచ్చినోళ్ళకి ఏందే అన్యారు. కొత్త పాదిరి కాళ్ళు పట్టుకొని మళ్ళా పేర్లు పెట్టిచ్చినా. ఐనా ఎవురి కంటికీ ఆనలేదు. రోజురోజుకీ... నా కంటిక్కూడా సరింగా ఆనలేదు."

హేమలత పుస్తకం మూయబోయింది.

"నువ్వు దిద్దు తల్లీ."

"ఈ పుస్తకంలో నేను రాయకూడదమ్మా."

"నువ్వు రాసేకాడ దిద్దు."

"సరే" అంది హేమలత. బయటపడితే చాలనిపించింది. "సరే, దిద్దుతా."

తలుపు బయట తాళం చప్పుడైంది. తలుపు తెరుచుకుని వెలుగు లోపలికి పడింది. బెన్నీ. గోడ పక్కన ఎవరూ లేరు.

"మేకలు దూరతాయని బయట తాళమేసి పోయినానమ్మా, చెప్పడం మర్చిపోయినా. ఏందట్ల చెమటలు పట్టినాయి?" అన్నాడాయన.

హేమలత రెండు పేజీలూ ఫోన్‌లో ఫొటో తీసుకుని, బస్సెక్కింది.

ఇంటికొచ్చాక ఉన్నదున్నట్టు కరోలిన్‌కు రాసింది. రెండు ఫొటోలూ పంపింది. మరునాడు మర్యాదగా జవాబు వచ్చింది. ఆ బాప్తిస్మం వేరే పిల్లలది కావచ్చు కదా అంది. హెన్రీ తమ ముత్తాతకు తండ్రి అని, పండగలాంటి రోజున ఆయన మీద మచ్చ వేయడం బాగుండదని, సమాధుల పుస్తకంలో ఉన్నట్టే వేస్తే చాలని రాసింది. చివర, పది కుటుంబాల మాట మళ్ళీ గుర్తుచేసింది.

హేమలత రెండు రోజులు అలాగే కూర్చుంది. నూట ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు రాస్తే ఎవరికి లాభం, రాయకపోతే ఎవరికి నష్టం? ఆ మధ్యాహ్నం ఎండదెబ్బకు ఏదో కలగని ఉంటానని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఆనంద్ కాగితం మీద టీబీ అని రాసిన గుమాస్తా కూడా ఇలాగే అనుకుని ఉంటాడని తట్టింది. తట్టినా, మూడో రోజు సాయంత్రం వంశవృక్షంలో ఆన్, జాన్ పేర్ల కింద 'బాల్యంలోనే మరణించారు' అని కొట్టి పంపేసింది.

కరోలిన్ వెంటనే కృతజ్ఞతలు చెప్పింది.

బడులు తెరిచాక నాలుగో రోజు, అన్నం తింటూ ప్రియదర్శిని అంది: "అమ్మా, మా టీచర్ హాజరులో నా పేరు పిలవడం లేదు."

"మర్చిపోయి ఉంటుందిలే."

"మూడు రోజుల్నుంచి. చెయ్యి ఎత్తినా చూడలేదు."

మరునాడు హేమలత బడికి పోయింది. హాజరు పట్టీలో పేరు లేదు. ఆన్‌లైన్‌లో రావడం లేదని, వేలిముద్ర వేయించుకుని రమ్మని చెప్పారు. టీచర్ మాట్లాడినంతసేపూ హేమలతనే చూసింది. పక్కన నిలబడ్డ పిల్ల వంక ఒక్కసారి కూడా చూడలేదు.

అటునుంచి అటే బస్టాండు పక్కన అష్రఫ్ నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళింది. అష్రఫ్ చాలా ఏళ్ళుగా తెలిసినవాడు. పాప ఆధార్ నంబరు కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. మొహం మారింది.

"అక్కా... ఏందిది. పాప ఎక్కడుంది?"

"ఇదిగో, నీ ముందే ఉంది కదా."

అష్రఫ్ కళ్ళు చికిలించి చూశాడు, మసక చీకట్లో చూసినట్టు. బయట మిట్టమధ్యాహ్నం. "ఆ... ఆ, ఉంది ఉంది" అని తడబడి, తెర ఆమె వైపు తిప్పాడు. పేరు సరిగ్గానే ఉంది. పుట్టిన తేదీ సరిగ్గానే ఉంది. కింద, మరణించినట్టు నమోదు. హేమలత ఆ వంశవృక్షం పంపిన సాయంత్రం తేదీ. సమాచారం ఇచ్చినవారు: హేమలత, తల్లి.

"నేను ఇయ్యలేదు" అంది. "నేను... అష్రఫ్, నేను ఇయ్యలేదు."

"కంప్యూటర్ తప్పయి ఉంటాదిలే అక్కా. వేలు పెట్టించు. బతికుందని ముద్ర పడితే అదే సరిపోతాది."

ప్రియదర్శిని బొటనవేలు యంత్రం మీద పెట్టింది. ఎర్రలైటు వెలిగి ఆరిపోయింది. అష్రఫ్ అద్దం తుడిచాడు. తన వేలు పెట్టి చూశాడు, పడింది. మళ్ళీ పిల్ల వేలు. పడలేదు. హేమలత ఆ చెయ్యి లాక్కుని, వీధి వెలుగులోకి తెచ్చి, దగ్గరగా పట్టుకుని చూసింది.

బొటనవేలి మీద గీతలు లేవు. గట్టిగా నొక్కింది.

"నొప్పిగా ఉందా?"

"లేదమ్మా. ఏం తెలీడం లేదు."

చూపుడు వేలు చూసింది. నున్నగా ఉంది. మధ్య వేలు, ఉంగరం వేలు... అన్నీ నున్నగా ఉన్నాయి. చిటికెన వేలికి మాత్రం ఒక పక్కన రెండు గీతలు మిగిలి ఉన్నాయి. ఆమె చూస్తుండగానే అవి ఒకటయ్యాయి.