కబ్ద్‌లో కొమ్ము బేరం

హతురాలి వయసు ఇరవై. బరువు పదహారు వందల కిలోలు. చెవి వెనక బుల్లెట్ దిగింది, ముక్కు మీది కొమ్ము మాయమైంది. పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ రమణిని పైవాళ్లు 'సహజ మరణం' అని రాయమన్నారు. ఆమె రాయలేదు. ఉద్యోగం ఊడింది.

ఆర్నెల్లు తిరక్కుండానే ఆ రమణి కువైట్‌లో తేలింది. అదీ ఎవరి పక్కన? ఆ కొమ్ము కొన్న విదేశీ ముఠా నాయకుడు కార్ల్ పక్కన, నల్ల కళ్లద్దాలతో, పట్టు గౌనుతో!

"అమ్ముడుపోయింది," అన్నాడు భారత నిఘా విభాగం చీఫ్ అబ్దుల్ సలాం, కువైట్‌లో బ్నీద్ అల్ గార్ పేటలోని రహస్య ఫ్లాట్‌లో. అది 2004 డిసెంబర్.

ఏజెంట్ సత్యప్రసాద్‌ది కోనసీమ. చీఫ్ అతనికి సంగతంతా చెప్పాడు. బ్రహ్మపుత్ర ఒడ్డున, రమణి పనిచేసిన అభయారణ్యంలో ఒకప్పుడు ఎటు చూసినా ఖడ్గమృగాలే. అల్లర్ల రోజుల్లో గార్డులు క్యాంపులు ఖాళీ చేశారు, వేటగాళ్లు దిగారు. కాల్చి చంపినవాటిని పైవాళ్లు వరద ఖాతాలో కొన్ని, ముసలితనం ఖాతాలో కొన్ని రాసిపారేశారు. ఇప్పుడు ఈనే వయసున్న ఆడది ఒక్కటే మిగిలింది, నిండు కడుపుతో. దాని మెడలో రేడియో కాలర్. ఆ సిగ్నల్ వింటూ, సాయంత్రం కార్ల్ ఫామ్ నుంచి శాటిలైట్ ఫోన్‌లో వేటగాళ్లకు దారి చూపించబోయేది రమణి.

"ఆ కాల్ సాగకూడదు," అన్నాడు చీఫ్.

సాయంత్రానికి సత్యప్రసాద్ కబ్ద్ ఎడారిలోని ఆ ఫామ్‌లో, కార్ల్ గుడారంలో టీలు అందిస్తున్నాడు. మాసిన చొక్కా, అతికించిన మీసం, చేతిలో ఫ్లాస్క్. మూత తిప్పితే లోపలి జామర్ ఏ ఫోన్‌నైనా చంపేస్తుంది.

వేటగాళ్ల రిసీవర్ చప్పుడు ఫోన్ స్పీకర్‌లో వినిపిస్తోంది. బీప్... బీప్... రమణి కుడికి అంటోంది, ఎడమకి అంటోంది. చప్పుడు దగ్గరయ్యేకొద్దీ కార్ల్ చేతులు రుద్దుకుంటున్నాడు. సత్యప్రసాద్ వేళ్లు మూత మీదికి వెళ్లాయి.

"అది ముట్టొద్దు," అతని యాస ఇందాకే పసిగట్టిన రమణి తెలుగులో అంది, చక్కెర తక్కువైందని పనివాణ్ని కసురుతున్నట్టు. "నీ మీసం ఊడతాండాది, చూసుకో. ఆ కాలర్ కడుపుతో ఉండేదానిది కాదు, చచ్చినదానిది. వచ్చేముందరే గస్తీ ఏనుగు మెడకు కట్టించినా. వాళ్లు పోతాండేది తుపాకులుండే గార్డుల మీదికి."

"మా చీఫ్‌కి చెప్పలేదేంటి మామా?" అన్నాడు అతను, కువైట్‌లో పనివాళ్లు యజమానురాలిని పిలిచినట్టే పిలిచి, కప్పు అందిస్తూ.

"సహజ మరణమని రాయమన్నోళ్లూ గవర్మెంటోళ్లే. నేనెవుర్నీ నమ్మను. నువ్వు నమ్మితే నమ్ము."

సత్యప్రసాద్ లెక్కేసుకున్నాడు. ఈవిడ అబద్ధమాడితే అక్కడ ఆ జాతి ఖలాస్. కానీ రెండు మాటలు రాయనని ఉద్యోగం వదులుకున్న మనిషి కొమ్ముకి అమ్ముడుపోతుందా? వేళ్లు వెనక్కి తీసుకున్నాడు.

బీప్ చెవులు చిల్లులు పడేలా మోగింది. ఆ వెంటనే ఏనుగు ఘీంకారం.

కార్ల్ మొహం మాడిపోయింది. వెనక్కి రమ్మని అరవడానికి ఫోన్ లాక్కున్నాడు. సత్యప్రసాద్ మూత గిర్రున తిప్పాడు. లైన్ చచ్చింది. కార్ల్ పిస్తోలు తీసేలోగా ట్రేలోని వేడి టీలన్నీ అతని మొహాన పడ్డాయి.

కువైట్ పోలీసులతో వచ్చిన అబ్దుల్ సలాం, అవతల వేటగాళ్లంతా దొరికారని చెప్పాడు. తప్పుగా అనుకున్నందుకు రమణికి క్షమాపణ కూడా చెప్పాడు. ఆ కడుపుతో ఉన్నది ఎక్కడుందో చెబితే పైకి రిపోర్టు పంపుతానన్నాడు.

"చెప్పను సార్. మీకే కాదు, ఎవురికీ చెప్పను. దాని కాలర్ నా చేత్తోనే తీసేసినా. అది ఈనేదాకా ఎవురి లెక్కల్లోనూ ఉండదు."

ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటిసారి, 'ఆచూకీ తెలియలేదు' అని ఢిల్లీకి రాస్తూ అబ్దుల్ సలాం హాయిగా నవ్వుకున్నాడు.