ముందు చక్రాల తాళం

"సోమవారం మా ఆయన్ని ఆసుపత్రి నుంచి నేరుగా జైలుకి తీసుకెళ్తారటండీ. ఆయనకి ఆ భయం లేదు. చంపింది నేనేగా అంటున్నాడు. అదీ నా భయం."

తలుపు తోసుకుని వచ్చినావిడ కూర్చోకుండానే అంతా అనేసింది. చెప్పుల నిండా ఎర్రమట్టి. నిద్రపోయి ఎన్నాళ్లయిందో కళ్లే చెబుతున్నాయి.

లోపల కూర్చున్న డిటెక్టివ్‌ని ఊరంతా నిదానం అంటుంది. కాఫీ చల్లారేదాకా ఊదుతూ కూర్చునే మనిషికి ఇంకేం పేరు పెడతారు! కుర్చీ చూపించాడు. ఒకప్పుడు టైపిస్టుగా పనిచేసిన అసిస్టెంటు నోట్‌బుక్ తెరిచాడు. పదిహేనేళ్లుగా ఆయన మాటలు రాసుకుంటున్నా, కొత్త కేసంటే ఇప్పటికీ సంబరమే అతనికి.

ఆమె భర్త రాతి క్వారీలో పికప్ డ్రైవరు. పదకొండు రోజుల కిందట, వానలో యజమానిని కొండ మీదికి తీసుకెళ్తుంటే బండి వెనక్కి జారి పల్టీ కొట్టింది. యజమాని బయటికి విసిరేసినట్టు పడి, అక్కడికక్కడే పోయాడు. బండి కుడివైపుకి పడి బురదలో కూరుకుపోయింది. తలుపు కింద నలిగిన డ్రైవరు కుడికాలు మోకాలి పైకి తీసేశారు.

"హబ్‌లు తిప్పడం మర్చిపోయాడంటున్నారండీ," అందామె.

"హబ్‌లంటే?" అన్నాడు టైపిస్టు.

"ఎత్తెక్కడానికి నాలుగు చక్రాలూ లాగాలంటే, పాత పికప్పుల్లో లివర్ ఒక్కటి లాగితే సరిపోదు," అన్నాడు నిదానం. "లివర్ ఇంజిన్ బలాన్ని ముందు ఇరుసుదాకా పంపుతుంది, అంతే. దాన్ని చక్రం అందుకోవాలంటే డ్రైవరు దిగి, ముందు చక్రాల నడుమ ఉండే రెండు బిళ్లల్నీ చేత్తో లాక్‌కి తిప్పాలి. ఫ్రీలో ఉన్నాయా, ఇరుసు తిరిగినా చక్రానికి పట్టదు. లోపల దీపం మాత్రం నాలుగు చక్రాలూ లాగుతున్నట్టే వెలుగుతుంది. దానికి లివర్ సంగతే తెలుసు, చక్రం సంగతి తెలియదు."

"ఆయన రోజూ కొండ కింద దిగి తిప్పుతాడండీ. బండి నేర్పిన మా బావగారు, అంటే ఆయన అన్నగారు, మొదట చెప్పింది అదేనట. ఇప్పుడు ఆ బావగారే మంచం పక్కన కూర్చుని, ముద్దలు పెడుతూ, మర్చిపోయావురా, ఒప్పేసుకో, మనసు తేలికపడుతుంది అంటున్నారు. మొదట్లో తిప్పానని కొట్లాడాడు. ఇప్పుడు తనే మర్చిపోయానంటున్నాడు."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ క్వారీకి వెళ్లారు. కొండకి రెండు ఎత్తులు, ఒకదాన్ని మించినది ఒకటి. నడుమ కొంచెం తక్కువ వాలు, అక్కడ దారికి అడ్డంగా గొలుసు. ఏ బండైనా ఆగాల్సిందే. గొలుసు మనిషి వంగి ముందు చక్రాలు రెండింటి వెనకా రాయి పెట్టి, బండి నంబరు రాసుకుని, గొలుసు దించి, మళ్లీ వంగి రాళ్లు తీస్తాడు. లోపలివాళ్లు దిగకూడదు. అది చనిపోయిన యజమాని పెట్టిన రూలు.

కింది ఆఫీసులో యజమాని బావమరిది అప్పుడే పోయినాయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"క్వారీ ఇక మీదేగా?" అన్నాడు నిదానం.

"నాదే. అందుకని బావని నేనే చంపానంటారా? ఆ పొద్దున ఇక్కడే ఉన్నాను. బండి మొదటి ఎత్తెక్కడం కిటికీలోంచి చూశాను."

"తడబడిందా?"

"లేదు, సాఫీగా ఎక్కింది."

"వానలో వెనక చక్రాలతోనే ఎక్కుతుందా?"

"చచ్చినా ఎక్కదు."

"పడ్డ బండిని ఎప్పుడు లేపారు?"

"మర్నాడు, క్రేన్ వచ్చాక."

"డ్రైవరు సంగతేం చేస్తారు?"

"ఒంటికాలివాణ్ణి పెట్టుకుని ఏం చేయను? క్వార్టర్ ఖాళీ చేయమన్నాను."

టైపిస్టు పెన్ను నొక్కిన నొక్కుకి కాగితం చిరిగింది.

గొలుసు మనిషి డ్రైవరుకి సొంత అన్న. ఆ పికప్‌ని పన్నెండేళ్లు తనే నడిపాడు. ఒకరోజు ఎత్తు మీద హబ్‌లు తిప్పడం మర్చిపోతే, యజమాని అందరి ముందూ తాళాలు లాక్కుని తమ్ముడి చేతిలో పెట్టి, అన్నని గొలుసు దగ్గర నిలబెట్టాడు.

"బండి పడగానే ముందు పరిగెత్తింది నేనేనండీ," అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ. "చూస్తే రెండు బిళ్లలూ ఫ్రీలో ఉన్నాయి. నా గుండె ఆగిపోయింది. తమ్ముడని దాస్తే పాపం కదా, ఆ పూటే పోలీసులకి చెప్పేశాను."

ఆదివారం పొద్దున నిదానం అందర్నీ ఆసుపత్రి వార్డులో మంచం చుట్టూ నిలబెట్టాడు. ఇన్‌స్పెక్టరు గోడకి ఆనుకున్నాడు. అన్న చేతిలో గిన్నె ఉంది, తమ్ముడికి ముద్ద పెడుతున్నాడు.

"బండి మొదటి ఎత్తు సాఫీగా ఎక్కింది. అంటే కొండ కింద హబ్‌లు లాక్‌లోనే ఉన్నాయి. రెండో ఎత్తు మీద జారింది. అంటే అప్పటికి ఫ్రీలోకి వెళ్లాయి. అవి వాటంతటవే తిరగవు. ఈ మధ్యలో బండి ఆగింది ఒక్కచోటే. అక్కడ రెండు ముందు చక్రాల దగ్గరా వంగినా ఎవరూ ఇదేంటని అడగని మనిషి ఒక్కడే."

గిన్నెలో చెయ్యి ఆగిపోయింది.

"బండి కుడివైపుకి పడింది. కుడి చక్రం మర్నాడు క్రేన్ వచ్చేదాకా బురదలో ఉంది. నువ్వు మాత్రం ఆ పూటే రెండు బిళ్లలూ ఫ్రీలో ఉన్నాయన్నావు. కుడి బిళ్లని ఎక్కడ చూశావయ్యా? గొలుసు దగ్గర, నీ చేత్తో తిప్పినప్పుడు."

అన్న మీద అరవాలని టైపిస్టుకి ఎంత కోపం వచ్చిందో, మంచం మీది మనిషి మొహం చూసి అంత జాలీ వేసింది.

"అన్నా," అన్నాడు డ్రైవరు మెల్లగా. "అయితే నేను మర్చిపోలేదా?"

అన్న గిన్నె కింద పెట్టాడు. చేయి కడుక్కుని తుడుచుకున్నాడు. తొందరేమీ పడలేదు.

"లేదురా. నేను ఒక్కసారి మర్చిపోయినందుకు గొలుసు దగ్గర కుక్కలా నిలబడ్డాను. నువ్వూ మర్చిపోతావని నాలుగేళ్లు చూశాను. ఒక్కరోజు మర్చిపోయుంటే తాళాలు పోయేవి, అంతటితో నా కడుపుమంట చల్లారేది. నీ కాలు నీకుండేది."

ఇన్‌స్పెక్టరు అతని భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. బావమరిది ఎవరి వైపూ చూడకుండా వెనకే జారుకున్నాడు.

డ్రైవరు తన భార్య చెయ్యి వెతికి పట్టుకున్నాడు. బండి పడ్డాక మొదటిసారి నవ్వాడు.

"విన్నావా? నేను తిప్పాను. రెండూ తిప్పాను," అన్నాడు. తర్వాత ఏడుపు మొదలైంది.