క్లౌడ్‌లో మిగిలిన పేరు

“సింక్ ఇంకా కొట్టలేదు సర్. ఏదో కొంప మునుగుతాదని నా బయ్యం.”

అనకాపల్లి బెల్లం మండీలో ఒక కొట్టు మేడమీదున్న రహస్య కార్యాలయంలో, ఏజెంట్ దుర్గాలక్ష్మి పొద్దుట్నుంచీ ఇదే మాట. గూఢచారుల పేర్లు రెండుచోట్ల ఉంటాయి: ఆ గదిలోని లోకల్ సర్వర్‌లో, క్లౌడ్‌లో. ఇక్కడ తీస్తే అక్కడ దానంతటది పోదు. మనిషి కూర్చుని సింక్ కొట్టాలి. భోజనమయ్యాక చూద్దామన్నాడు చీఫ్ నానాజీ.

విదేశీ ముఠాకు అమ్ముడుపోయిందని తేలి, ఏజెంట్ ధనశ్రీ పేరును నిన్ననే లోకల్ సర్వర్‌లో తీసేశారు. పట్టుచీర, తేనెలాంటి గొంతు, రెండు దేశాల జీతం. క్లౌడ్‌లో మాత్రం ఆమె ఇంకా ఉద్యోగే.

స్క్రీన్ ఎర్రబడింది. ధనశ్రీ లాగిన్ అయింది, పూడిమడక సముద్రంలో ముఠా బోటు నుంచి! చేపల బేరగాడి వేషంలో ఇక్కడి ఏజెంట్ తారక్ ఉన్నదీ ఆ బోటులోనే. అతణ్ణి అనుమానించి కట్టేశారు. ధనశ్రీ అతణ్ణెప్పుడూ చూడలేదు; ఏజెంట్ల లిస్టులో ఫొటోతో పేరు కనబడితే గొంతు కోస్తారట. అతని చొక్కా బొత్తాంలోని మైకు అంతా వినిపిస్తోంది.

“ఉండు బాబూ, నీ పేరే వెతుకుతున్నా,” అంటోంది ధనశ్రీ.

ఇప్పుడు సింక్ కొట్టినా ఆమె వెంటనే బయటపడదు. లోపలికొచ్చేసినవాళ్లని క్లౌడ్ గంటసేపు తిరగనిస్తుంది. నానాజీ చేయి తుడుచుకుంటూ వచ్చి, ఏజెంట్లందరినీ లోకల్లో డిలీట్ చేసి సింక్ కొట్టమన్నాడు. ధనశ్రీకి ఖాళీ లిస్టే కనబడాలి.

“తారక్ మైకు, ఫోను నిమిషానికోసారి క్లౌడ్‌లో పేరుందో లేదో సూసుకుంటాయి సర్. పేరు పోతే ఆగిపోతాయి. ఆడెక్కడున్నాడో మనకింక తెలవదు.”

“ఆడు పోతే ఇంకోడు వత్తాడు. కొట్టు.”

కొట్టింది. నీలం గీత పాకుతూ పాకుతూ చివరికి చేరింది. ధనశ్రీ నవ్వు సగంలో తెగిపోయింది.

దుర్గాలక్ష్మి బోట్ల వైర్‌లెస్‌లో పిలిచింది. మళ్లీ పిలిచింది. హోరు తప్ప ఏమీ లేదు. తారక్ వాళ్లమ్మకి ఏమని కబురు పంపాలి? నానాజీ టీ తెప్పించుకున్నాడు. తారక్ బల్ల ఖాళీ చేయించమన్నాడు. బల్ల ఖాళీ అయింది, కిటికీలో ఎండ దిగిపోయింది, ఆమె పిలుస్తూనే ఉంది.

అప్పుడు సెట్టు గరగరమంది.

“ఖాళీ లిస్టు సూపించి మోసం సేసిందని ఆవిణ్ణి నీటిలోకి తోసీసేరు. నన్ను ఒట్టి సేపలోడని కట్లిప్పీసి, ఈ బోటులోనే ఒగ్గీసి, స్పీడు బోటెక్కి పోయేరు.”

నానాజీ సెట్టు లాక్కుని, ఎవడ్రా నువ్వు, పేరు చెప్పమని గద్దించాడు.

“ఎవుడినీ కాదు సర్. మీ లిస్టు సూసుకోండి.”