బూడిదరంగు అక్షరాలు

"ఇంకోసారి చూద్దామా తల్లీ? తొందరేం లేదు," అంటూ వకుళ బల్ల మీది కార్డును కాస్త ముందుకు జరిపింది.

కార్డు మీద కళ్ళజోడు బొమ్మ ఉంది. ఏడేళ్ళ షారోను దాన్ని చూసి ఊపిరి పీల్చుకుంది. "క... క... క..." అక్కడే ఆగిపోయింది. పిల్ల మెడకు చుట్టిన మెత్తటి పట్టీ మీద పచ్చదీపం వెలిగింది. బల్ల మీది చిన్న స్పీకరు అచ్చం షారోను గొంతుతోనే "కళ్ళజోడు" అని మెల్లగా అందించింది. ఆ వెంటనే షారోను కూడా అంది, ఎక్కడా తడబడకుండా.

ఆ యంత్రం పేరు అనుపలుకు. సముద్రం పాత ఊరిని మింగేశాక, ఎత్తైన గోడ కట్టుకుని లేచిన కొత్తరేవు నగరంలో ప్రతి స్పీచ్ థెరపీ గదిలోనూ అదొకటి ఉండేది. మనిషి మాట్లాడబోయే ముందే గొంతు కండరాలు ఆ మాటకు తగ్గట్టు రవ్వంత కదులుతాయి. నోరు తెరవకుండా మనలో మనం అనుకున్నా కదులుతాయి. పట్టీలోని సెన్సర్లు ఆ కదలికను పట్టి, మాటేమిటో పోల్చుకుని, నత్తి పిల్లలు ఆగిన చోట అందిస్తాయి. పదహారేళ్ళుగా ఈ పనిలో ఉన్న వకుళ, పిల్లలు ఇంత త్వరగా తేరుకోవడం ఎన్నడూ చూడలేదు.

ఆమె స్క్రీను వైపు తిరిగింది. పైకి అన్న మాటలు నల్లటి అక్షరాల్లో పడతాయి. కిందటి నెల వచ్చిన అప్‌డేట్ తర్వాత, గొంతులో కదిలి బయటికి రాని మాటలు కూడా బూడిదరంగులో పడుతున్నాయి. "కళ్ళజోడు" కింద అలాంటి వరస ఒకటి కనబడింది.

"మా నాన్నకి ఎడం కన్ను కనపడట్లేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

వకుళ పిల్ల ముఖంలోకి చూసింది. షారోను పెదాలు బిగించి కూర్చుని ఉంది. తండ్రికిచ్చిన మాట తప్పకుండా కూర్చుని ఉంది.

తండ్రి యేసురత్నం రేవులో క్రేన్ ఆపరేటరు.

వకుళ చప్పున ఆ వరసను చెరపబోయింది. నమోదైన మాటను థెరపిస్టు మార్చడానికి వీల్లేదని యంత్రం చెప్పింది. ఆ సాయంత్రమే, రోజూ వెళ్ళినట్టే, షారోను రికార్డు కుటుంబ ఆరోగ్య దస్త్రంలోకి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి రేవు భద్రతా విభాగానికి వెళ్ళడానికి ఎవరూ మీట కూడా నొక్కనక్కర్లేదు.

నాలుగో రోజు తల్లి సలోమి వచ్చింది, పిల్లను వెంటబెట్టుకుని. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, ఆ రోజు కాయితం మీద సంతకం పెట్టేటప్పుడు ఇందులో ఏం రాసుందని మిమ్మల్ని అడిగాను. గుర్తుందా?"

"గుర్తుంది సలోమి గారూ. పాప గొంతు రికార్డు చేస్తామని చెప్పాను."

"గొంతే అన్నారు. మనసు అనలేదు."

ఆ రోజు వకుళ చెప్పింది నిజమే. ఆ నిజం అప్‌డేట్‌తో పాటు మారిపోయిందని సలోమికి ఎవరూ కబురు పెట్టలేదు. వకుళ కూడా పెట్టలేదు.

"ఆయన్ని పనిలోంచి తీసేశారు. కన్ను పోయినందుకు కాదంట, దాచినందుకంట," అంది సలోమి. "రేవులో ఇంక ఏ పనీ ఇవ్వరు. ఆఫీసరు వచ్చి, మీ పాపే చెప్పిందన్నాడు. మా ఆయన పిల్లని దగ్గరికి తీసుకుని, చెప్పావా అమ్మా అని అడిగాడు. తిట్టలేదు మేడం, అడిగాడంతే. ఇది అడ్డంగా తలూపింది. ఆయన నమ్మలేదు. అప్పట్నించి దీని నోటంట ఒక్క మాట లేదు."

షారోను తల్లి కొంగు చాటున నిలబడి, బల్ల మీది పట్టీనే చూస్తోంది.

వకుళ ఆ మధ్యాహ్నమే యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ పరాంకుశం దగ్గరికి వెళ్ళింది. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఆ క్రేన్ కింద రోజూ నలభైమంది పనిచేస్తారు. ఆ సంగతి ఆలోచించారా?"

"ఆలోచించాను సార్. మూడు రోజులు అదే ఆలోచించాను. ఆయన్ని క్రేన్ మీంచి దించాల్సిందే. కానీ ఆ మాట ఆయన చెప్పాలి, లేదా కళ్ళ డాక్టరు చెప్పాలి. మాట నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల గొంతులోంచి లాగడమేమిటి?"

"మేం కావాలని లాగలేదమ్మా. సెన్సరుకు అన్నదీ, అననిదీ ఒకటే. గొంతు సంకేతాలన్నీ అని కాయితంలో ఉంది, తల్లి ఒప్పుకుంది." ఆయన స్క్రీను మీద నిబంధనల పేజీ తెరిచాడు. "రికార్డు తీసేయించే దారి ఉంది. అది లేకపోతే ఆయన దాచాడనడానికి వేరే సాక్ష్యం లేదు. నేల మీద ఏదో పని ఇస్తారు. కాకపోతే ఏడేళ్ళు నిండిన పిల్లలైతే వాళ్ళే అడగాలి, సొంత గొంతుతో, ఎవరూ అందించకుండా. ఆ నిబంధన పెట్టించింది మీరేగా?"

నిజమే. పిల్లల తల మీదుగా పెద్దవాళ్ళు సంతకాలు చేసేస్తున్నారని రెండేళ్ళ కిందట కమిటీలో గట్టిగా వాదించింది వకుళే. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు.

శనివారం ఉదయం షారోనును మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఆ గొంతు పిల్లదేనని యంత్రం పోల్చుకోవాలంటే పట్టీ తప్పదు. అది చుడుతుంటే పిల్ల ఒళ్ళు బిగుసుకుంది. వకుళ తన కుర్చీని పిల్లకు దగ్గరగా జరుపుకుంది.

"ఒక్క మాట చాలు తల్లీ. తీసెయ్యండి అను. నత్తి వచ్చినా పర్లేదు, ఎంతసేపైనా పర్లేదు."

"మీ రికార్డు తీసెయ్యమంటారా?" అని అడిగింది అనుపలుకు. ఈసారి అది షారోను గొంతు వాడలేదు. "పైకి చెప్పండి."

పిల్ల నోరు తెరవలేదు. సలోమి మోకాళ్ళ మీద కూర్చుని కూతురి అరచేతులు పట్టుకుంది. "చెప్పమ్మా. నాన్న కోసం." షారోను కళ్ళు నిండాయి. ఆమె తల్లిని చూసింది, పట్టీని తడుముకుంది, పెదాలు ఇంకా గట్టిగా బిగించింది. ఇక్కడ నోరు విప్పితే ఏమవుతుందో, విప్పకపోయినా ఏమవుతుందో ఆ పిల్లకు ఇప్పుడు తెలుసు.

స్క్రీను మీద బూడిదరంగు అక్షరాలు పడసాగాయి.

"తీసెయ్యండి. తీసెయ్యండి. నేను చెప్పలేదు నాన్నా. తీసెయ్యండి."

"అదిగో, అడుగుతోంది," అంది వకుళ యంత్రంతో, మనిషితో అన్నట్టే. "చూడు, అడుగుతోంది కదా."

"పైకి పలకని మాటను అంగీకారంగా తీసుకోవడం కుదరదు," అంది అనుపలుకు మర్యాదగా.

తర్వాత ఆ నాలుగు వాక్యాలనూ తేదీ, సమయం వేసి భద్రపరిచి, కుటుంబ ఆరోగ్య దస్త్రానికి పంపించింది.