చాలు అన్న మాట

బావమరిదికి కారు ఎర్రగా ఉంటే చాలు, ఇంజిన్ ఉందో లేదో కూడా చూడడు. అందుకే అతను కొనబోయే పాత కారు చూడ్డానికి ఆ ఆదివారం పొద్దున్నే డాక్టరు తానే బయల్దేరాడు. మనుషుల డాక్టరు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి రోగం చెప్పేస్తాడని తోటి మెకానిక్కులు పెట్టిన పేరది. పాత స్పోర్ట్స్ కార్లంటే అతనికి మొదటినుంచీ అనుమానమే. పైన పటారం, లోన లొటారం. అమ్మేవాళ్ళు ముందే ఇంజిన్ వేడిచేసి ఉంచుతారు, వేడి మీద లోపాలు బయటపడవు. చల్లటి ఇంజిన్ మాత్రం అబద్ధమాడదు.

కారు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. యజమాని అరవై దాటిన పెద్దాయన, ఆరడుగుల పైమాటే, మాటలు మాత్రం పొదుపు. షట్టర్ సగమే ఎత్తాడు. డాక్టరు దాన్ని పైదాకా తోశాడు. మూసిన షెడ్డులో ఇంజిన్ వేస్తే ఆ పొగకి మనిషి కూర్చున్నచోటే నిద్రలోకి జారి, మళ్ళీ లేవడని చెప్పాడు. పెద్దాయన తెలుసన్నట్టు తలూపాడు.

కారుకి బ్యాటరీ లేదు. పదకొండు నెలల క్రితమే తీసేశానన్నాడు పెద్దాయన. డాక్టరు ఇలాంటివి చాలా చూశాడు కాబట్టి తన బ్యాటరీ వెంట తెచ్చుకున్నాడు. బానెట్ ఎత్తి ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. ఆయిల్ చూశాడు, శుభ్రంగా ఉంది. బ్యాటరీ తగిలించి, పెద్దాయన్ని సీట్లో కూర్చుని స్టార్ట్ చెయ్యమన్నాడు. రెండోసారికి అందుకుంది. నల్లపొగ లేదు, టకటకల్లేవు. బావమరిది అదృష్టవంతుడే అనుకున్నాడు.

ఎత్తిన బానెట్ ఇవతల ఉన్నవాడికి అవతల సీటు కనబడదు, అంతా నోటిమాట మీదే నడవాలి. డాక్టరు స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని, యాక్సిలరేటర్ కొంచెం ఇవ్వండి అన్నాడు. ఇంజిన్ మెల్లగా లేచింది. ఇంకొంచెం అన్నాడు. లేచింది. చాలు అన్నాడు. దిగింది.

అతనికి ముచ్చటేసింది. మామూలుగా యజమానులు యాక్సిలరేటర్‌ని పాముని తొక్కినట్టు తొక్కుతారు. ఈ పాదానికి ఎవరో ఓపిగ్గా నేర్పారు. మళ్ళీ ఇమ్మన్నాడు, మళ్ళీ చాలన్నాడు. అడిగినంతే ఇచ్చింది, అన్నచోట ఆగింది. పెట్రోలు వాసన మధ్యలోంచి, ఎందుకో, అప్పుడే తలస్నానం చేసిన జుట్టు వాసన వచ్చింది.

"బాగా ఇస్తోందా?"

గుసగుస. చెవి పక్కనే... వెనకనుంచి.

డాక్టరు తిరిగాడు. పెద్దాయన అతని భుజం వెనకే నిలబడి ఉన్నాడు.

"మీరు... ఎప్పుడు దిగారు?"

"స్టార్ట్ చేసి, అప్పుడే దిగిపోయాను."

ఇంజిన్ నడుస్తూనే ఉంది. డాక్టరు బానెట్ పక్కనుంచి తొంగిచూశాడు. సీటు ఖాళీ. కానీ... ఇందాక పెద్దాయన కాళ్ళకి సరిపడా వెనక్కి ఉన్న సీటు ఇప్పుడు బాగా ముందుకి జరిగి ఉంది. పొట్టిమనిషికి పెడల్ అందేంత ముందుకి.

పెద్దాయనే వెళ్ళి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఆ నిశ్శబ్దంలో, ఎవరికో కాదు తనకే చెప్పుకుంటున్నట్టు, మెల్లగా చెప్పాడు. ఒక్కతే కూతురు. పదేళ్ళప్పటినుంచీ ఆయన తల బానెట్ కింద, ఆ పిల్ల పాదం పెడల్ మీద. ఆ రోజు నవ్వుతూ ఇంజిన్ జోరు చూపే ముల్లుని ఎర్రగీత దాటించింది. ఇంజిన్ పాడైపోతుందన్న కంగారులో ఆయన కసిరాడు. చాలు, దిగు అన్నాడు. పిల్ల మారుమాటాడకుండా దిగి, తడిజుట్టుతోనే రోడ్డు మీదికి వెళ్ళింది. మలుపులో లారీ. ఆయన ఆమెతో అన్న ఆఖరిమాట అదే.

కారు అమ్మే ఉద్దేశం ఆయనకి ఎప్పుడూ లేదు. అమ్ముతానంటేనే కదా మెకానిక్కులొచ్చేది. డాక్టరుకి ముందు ముగ్గురొచ్చారు, ముగ్గురి మాటా ఆ పిల్ల వింది.

"నేను ఇమ్మంటే మాత్రం ఇవ్వదు బాబూ," అన్నాడు పెద్దాయన. "చాలన్నాను కదా. మాట వినే పిల్ల."

డాక్టరుకీ ఇంట్లో ఒక కూతురుంది. కాళ్ళకి బుద్ధి చెప్పాల్సినవాడు అందుకే ఆగాడు. తెలిసీ తెలియని సలహా ఒకటి ఇచ్చాడు.

"ఆ మాట వెనక్కి తీసుకోండి. ఇంకెప్పుడూ అననని చెప్పి చూడండి."

పెద్దాయన అతని చేతులు రెండూ పట్టుకున్నాడు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదే అన్నాడు. డాక్టరు బ్యాటరీ విప్పుకుని గబగబా బయటపడ్డాడు. వెనక షట్టర్ కిందిదాకా దిగింది, లోపల గడియ పడింది. ఏడవాలనుకున్న మనిషి తలుపేసుకోవడంలో తప్పేముందనుకుని నడిచాడు. గేటు దగ్గరికొచ్చేసరికి రేకుల్లోంచి పెద్దాయన గొంతు వినిపించింది. ఇంకెప్పుడూ చాలనను తల్లీ అంటున్నాడు. కొంచెం ఇవ్వమ్మా అంటున్నాడు.

చడీచప్పుడు లేదు. పాపం, పిలుపు అందలేదనుకున్నాడు డాక్టరు.

ఇంజిన్ అందుకుంది.

డాక్టరు తన చేతుల్లోకి చూసుకున్నాడు. బ్యాటరీ... అక్కడే ఉంది.

శబ్దం మెల్లగా లేచింది. ఇంకొంచెం... ఇంకొంచెం. షట్టర్ కిందినుంచి పొగ సన్నగా పాకింది. అతను బ్యాటరీ పడేసి పరిగెత్తాడు. రేకుల మీద గుద్దాడు. చాలు, చాలు అని గొంతు చించుకున్నాడు. పొద్దుటినుంచీ తన మాట విన్న ఇంజిన్ ఇప్పుడు వినలేదు. ఒక్కసారి ఆ మాట అనండని పెద్దాయన్ని బతిమాలాడు. లోపల ఇంజిన్ తప్ప ఏమీ వినబడలేదు.

తర్వాత, ఆ హోరు కిందినుంచి, సన్నటి ఆడపిల్ల గొంతు ఒకటి అడిగింది.

"ఇక చాలా, నాన్నా?"

పెద్దాయన అవునని అనలేదు. ఇంజిన్ ఇంకొంచెం లేచింది.