మట్టి అంటని ప్యాడ్లు

సోమమ్మ పెనం మీద నాలుగో జొన్నరొట్టె తిప్పుతుండగా పేపర్ వచ్చింది. రాంచందర్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, పొద్దున్నే గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కొడుకు మహేంద్ర ఇవాళ బెంగళూరులో జరిగే హాకీ క్యాంపుకు వెళ్తున్నాడు. దేశం మొత్తంలో నలభై మందిని పిలిస్తే అందులో లక్డారం పిల్లవాడు ఒకడు. పది గంటలకు పటాన్‌చెరులో బస్సు.

జిల్లా పేజీలో మహేంద్ర ఫోటో, దాని కింద తండ్రి మాటలు వేశారు.

"గట్టిగ సదువు కొడకా, నేను గూడ ఇంట" అంది సోమమ్మ.

"మావాడు మొదట్లో మామూలు ఆటగాడే. కాళ్లు మెల్లగా కదిలేవి. నేనే ఓపికగా నేర్పాను. ఆట చాలా ఆలస్యంగా వచ్చింది..." మహేంద్ర అక్కడ ఆగిపోయాడు. చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

"ఏమైందిరా? తొక్కు బాగలేదా?"

"తొక్కు బాగనే ఉన్నదమ్మా. నేనే బాగలేనంట."

రాంచందర్ నవ్వాడు. "అబద్ధం చెప్పిన్నా? మొదట్ల నీకు ఆట రాకుండె. ఇప్పుడొచ్చింది. గదే చెప్పిన."

"అప్పుడు గూడ వచ్చు నాయినా. నువ్వు సూడలే."

రాంచందర్ వయసులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీ జట్టులో ఫార్వర్డ్. తర్వాత ప్రతి ఆదివారం ఊరి పిల్లలకు ఆట నేర్పేవాడు. ఎవరు ఏ మూల నుంచి గోల్ కొట్టారో ఏళ్ల తర్వాత కూడా చెప్పగలడు. కొడుకును మాత్రం వెనక బ్యాక్‌గా నిలబెట్టాడు, ముందు ఉరికేవాళ్లకు అడ్డం రాకుండా. ఏటా సంగారెడ్డిలో జరిగే జిల్లా ఎంపికకు మూడు పేర్లు పంపేవాడు. మూడేళ్లు పంపినా ఆ తొమ్మిది పేర్లలో కొడుకు పేరు లేదు. చివరికి కాలేజీలో ఎవరో కోచ్ ఒక్క మ్యాచ్ చూసి మహేంద్రను తన వెంట తీసుకుపోయాడు.

"సొంత కొడుకు పేరు రాస్తే ఊరోళ్లు ఏమనుకుంటరు?" అన్నాడు రాంచందర్.

"గట్ల భయపడి రాయకపోతే నాకు బాధ లేకుండె. నాకు ఆట రాదని నిజంగనే అనుకున్నవ్. ఇప్పటికీ గదే అంటున్నవ్, పేపర్ల."

"మూడేండ్లల్ల ఒక్క గోల్ కొట్టినవారా? చెప్పు."

"కొట్టలే."

"మరి?"

మహేంద్ర లేచి బ్యాగు జిప్పు లాగాడు. "నువ్వు బస్సు కాడికి రాకు నాయినా. నాకు మంచిగ అనిపిస్తలేదు."

"రమ్మన్నా రాను పో."

సోమమ్మ రొట్టె సంగతి మరిచిపోయింది. ఇంట్లో మాడు వాసన నిండింది.

అప్పుడే బండి చప్పుడైంది. నర్సింగ్ వచ్చాడు. ఒకప్పుడు మహేంద్రతో పాటు ఊరి పిల్లల జట్టులో గోల్‌కీపర్, ఇప్పుడు మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. మహేంద్రను బస్సు దగ్గర దింపడానికి వచ్చాడు. చేతిలో ఒక సంచి.

"ఏంది కాకా, పెండ్లికొడుకు తయారైండా?"

ఎవరూ నవ్వలేదు. నర్సింగ్ కింద పడి ఉన్న పేపర్ తీసి చదివాడు. తర్వాత సంచిలోంచి మూడు కప్పులు తీసి గడప మీద వరసగా పెట్టాడు. మూడింటి మీదా ఒకటే రాసి ఉంది, ఉత్తమ గోల్‌కీపర్ అని.

"ఇవి నువ్వే ఇచ్చినవ్ కాకా. ఇవి వీనివి. పొయ్యే ముందు ఇద్దామని తెచ్చిన."

"పాగల్‌గానివారా? మూడేండ్లు నీ మీదికెళ్లి బాల్ పోలే. నీకు గాక ఎవనికిస్త?"

"నా దాక బాల్ వస్తే కదా. ఆట అయినంక మా అమ్మ నా ప్యాడ్లు సూసి, ఇయ్యాల ఆడలేదారా అని అడిగేది. మట్టి గూడ అంటకపోయేది." నర్సింగ్ తల వంచుకున్నాడు. "నన్ను జిల్లాకు పంపినవ్ యాదికున్నదా? మొదటి మ్యాచ్‌లనే ఏడు గోల్స్ తిన్న. చెయ్యి బెణికిందని నీకు చెప్పిన. చెయ్యికి ఏం కాలే కాకా. నా ముందర మహేంద్ర లేడు, గంతే."

రాంచందర్ ఆ ఆదివారాలను గుర్తు చేసుకోబోయాడు. గుర్తొచ్చినవన్నీ తను నేర్పిన పిల్లలు కొట్టిన గోల్సే. మైదానంలో తమ గోల్ వైపు సగంలో మాత్రం ఒక్క సంగతే పదే పదే కనిపించింది. కంది ఊరి జట్టైనా, తెల్లాపూర్ జట్టైనా, ఎంత జోరుగా వచ్చినవాడైనా గోల్ ముందర ఒక చోటికి రాగానే తడబడేవాడు. బాల్ పక్కకు పోయేది. వీళ్లకు ఆటే రాదని తను ప్రతిసారీ నవ్వుకున్నాడు. వచ్చిన జట్లన్నీ ఒక్కచోటే ఆట మరిచిపోతాయా?

అతను కొడుకు వైపు తిరిగాడు.

"ఏం జేసెటోనివిరా?" అని మెల్లగా అడిగాడు.

మహేంద్ర బ్యాగు కింద పెట్టాడు. "బాల్‌ను సూసెటోన్ని కాదు నాయినా. ఉరికొచ్చేటోని మోకాలు సూస్తుంటి. అది ఎటు తిరుగుతదో వాడు అటే వస్తడు. వాని కంటె ముందే నేను ఆడ ఉంటి. ఉరికే పని వడకపోయేది. గందుకే నీకు మెల్లగ కనవడ్డ."

రాంచందర్ గోడకున్న స్టిక్, మూలనున్న బాల్ తీసుకుని వాకిట్లోకి దిగాడు. "ఆపు నన్ను."

మహేంద్ర తన స్టిక్ తీసుకుని ఎదురుగా నిలబడ్డాడు. రాంచందర్ కుడి పక్కకు పోయాడు. మహేంద్ర అక్కడున్నాడు. ఎడమకు తిప్పాడు. అక్కడా ఉన్నాడు. ఎడమకని చూపించి కుడికి లాగాడు, వయసులో ఎవరినైనా బోల్తా కొట్టించిన ఎత్తు అది. బాల్ అప్పటికే కొడుకు స్టిక్ కింద ఉంది. మహేంద్ర కదిలింది ఒక్క అడుగు.

"మల్లొక్కసారి" అన్నాడు రాంచందర్. ఆరుసార్లు అన్నాడు. ఆరోసారికి బాల్ కనిపించలేదు, కళ్ల నిండా నీళ్లు. మెట్టు మీద కూలబడ్డాడు.

"పదిహేనేండ్లు ఆడిన సోమమ్మా. నన్ను గిట్ల ఎవ్వడు ఆపలే. ఒక్కడు గూడ." కొడుకు వైపు చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. "కండ్ల ముందరనే ఉంటివి గదరా."

మహేంద్ర పక్కన కూర్చుని తండ్రి చేతిలోంచి స్టిక్ తీసుకున్నాడు. "నర్సింగ్, బండి తాళాలియ్యి. నువ్వు ఆటోల రా. నాయినను బస్సు కాడికి నేను కూసోవెట్టుకపోత."