వాగవతలి ఉత్తరాలు

ఆదివారం ఉదయం కోడలు కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. నూట పద్దెనిమిదో పేజీ తిప్పితే నూట ఇరవై మూడు వచ్చింది. మళ్ళీ తిప్పింది. అంతే. మధ్యలో రెండు కాగితాలను ఎవరో కుట్టు దగ్గర బ్లేడుతో జాగ్రత్తగా కోసేశారు. శుక్రవారం సాయంత్రం ఇంటికి తెచ్చినప్పుడు తనే లెక్కపెట్టింది, అన్నీ ఉన్నాయి.

ఆమె పెద్ద పోస్టాఫీసు రికార్డుల గదిలో పనిచేస్తుంది. పాత పుస్తకాల్లో ఉండి ఇప్పటి పటాల్లో లేని పల్లెల్ని వెతికి జాబితా రాయడం ఆమె పని. సర్వేవాళ్ళు మర్చిపోయిన గుడిసెకైనా ఏదో ఒకనాడు ఉత్తరం రాకుండా ఉండదు కదా! అలా దొరికిందే వాగవతలి పల్లె. ఒక ఏడాది పంపిణీ జాబితాలో నలభై రెండు ఇళ్ళు. మరుసటి ఏడాది ఊరి మీదే అడ్డగీత. ఆ ఊరికేమయిందో ఈ తిరుగు టపా రిజిస్టరు చెప్పాలి. అందకుండా వెనక్కి పోయిన ప్రతి ఉత్తరం ఎవరికి వచ్చింది, ఎవరు పంపారు, ఎందుకు తిరిగిపోయింది అన్నీ ఇందులో రాసేవారు. పై అధికారి ఆమె మీద నమ్మకంతో నిబంధన పక్కన పెట్టి ఇంటికిచ్చాడు. సోమవారం పొద్దున తన బల్ల మీద ఉండాలన్నాడు. కోసేసిన పుస్తకం ఇస్తే ఉద్యోగం పోతుంది, దొంగన్న పేరు మిగులుతుంది.

ఇంట్లో ఉన్నది నలుగురు. భర్త కాగితాల జోలికి పోయే మనిషి కాదు, అతనికి కరెంటు బిల్లు కూడా తల్లే చదివి వినిపించాలి. అత్తగారు ఆ దుమ్ము పుస్తకాన్ని వంటింటి వైపు రానివ్వదు. మిగిలింది మామగారు. ముప్పై అయిదేళ్ళు పోస్టుమాన్‌గా చేసి రిటైరైన మనిషి. నిన్న ఆమె బజారు నుంచి వచ్చేసరికి ఆయన ఈ రిజిస్టరు ముందే కూర్చుని, గబుక్కున మూసేసి, "దుమ్ము దులుపుతున్నానమ్మా" అన్నారు. ఆయన దుమ్ము దులపడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూసి ఎరగరు. వాగవతలి పల్లెకి ఉత్తరాలు పంచారా అని అంతకుముందు అడిగితే, "అటువైపు నేనెప్పుడూ చెయ్యలేదు" అని మొహం తిప్పుకున్నారు.

పెరట్లో బట్టలారేస్తున్న భర్త దగ్గరికి వెళ్ళింది.

"కాగితాలు మీ నాన్నగారే తీశారు."

"పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చింది నీకు?"

"నవ్వకండి. రేపు ఉన్న ఉద్యోగం ఊడుతుంది."

"ఒక్క కవరు పోయిందన్న మాట పడని మనిషాయన. ఆయన్ని దొంగంటావా?"

"దొంగనలేదు. ఆ పల్లె పేరెత్తితే ఎందుకు ఉలిక్కిపడుతున్నారో అడగండి."

అతను బట్టల పిన్ను నోట్లో పెట్టుకుని మాట తప్పించుకున్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. లోపలికొచ్చి నూట ఇరవై మూడో పేజీ మళ్ళీ చూసింది. పైన రెండు ఉత్తరాలు వాగవతలివే. వాటి పక్కన పోస్టుమాన్ పొట్టి సంతకం, చివర కొక్కెంలా వంపు. గోడమీది క్యాలెండరులో పాలు రాని రోజుల పక్కన మామగారు పెట్టే సంతకం అదే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రిజిస్టరు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"మామయ్యగారూ, ఈ సంతకం మీది కాదా?"

ఆయన వంగి చూశారు. "నాదే."

"మరి అటువైపు చెయ్యలేదన్నారు. సరే, కోసిన కాగితాలైనా ఇచ్చెయ్యండి."

"కోశారా? ఏ కాగితాలు?" ఆయన ఎంగిలి చెయ్యి తుడుచుకుని గబగబా పేజీలు తిప్పారు. "నిన్న ఉన్నాయే! నేను చదివాను."

"చదివాకే మాయమయ్యాయి."

"ఏయ్, మాట జాగ్రత్త!" భర్త లేచి నిలబడ్డాడు.

"ఆయన్నేం అనకే." అత్తగారు గరిటె పక్కన పెట్టింది. "కోసింది నేను."

గదిలోకి వెళ్ళి, మడతపెట్టిన దుప్పట్ల అడుగు నుంచి రెండు కాగితాలు తెచ్చింది. "నిన్న ఇవి చదివినప్పటి నుంచి మనిషికి ముద్ద దిగడం లేదు. రాత్రి అడిగితే సంగతి చెప్పారు, నేనూ చదివాను. ఊళ్ళో చిన్నా పెద్దా పోస్టుమాన్‌గారూ అంటూ ఆగి పలకరిస్తారు. ఈ వయసులో ఆ పేరు పోవాలా? పొయ్యి దాకా తీసుకెళ్ళాను. చేతులు రాలేదు."

కోడలు కాగితాలు అందుకుంది. యాభైకి పైగా ఉత్తరాలు. కారణం దగ్గర అన్నిటికీ ఒకే మాట: ఊరు విడిచి వెళ్ళారు.

"ఊరు ఊరంతా ఒకేసారి వెళ్ళిపోయిందా?" అన్నాడు కొడుకు.

"ఎవరూ వెళ్ళలేదురా." మామగారు రిజిస్టరు మూశారు. "వాగు పొంగింది. అంతకుముందు ఏడాది ఆ వాగులోనే ఒక పోస్టుమాన్ కొట్టుకుపోయాడు. దాటలేనంటే ఉద్యోగం తీసేస్తారని భయం. మీ అమ్మను అప్పుడే కాపురానికి తెచ్చుకున్నాను. మూడు నెలలు వాగు ఒడ్డున నిలబడి ఇదే రాశాను. తగ్గాక అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. ఇది చూసి ఇన్‌స్పెక్టరు, ఖాళీ ఊరికి టపా ఎందుకని జాబితాలోంచి ఊరే కొట్టేశాడు. పంపేవాళ్ళు రాయడం మానేశారు. ఉత్తరం లేక, కబురు లేక, రెండేళ్ళలో ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది. నేను రాసింది నిజమై కూర్చుంది."

మామగారు కాగితాల్లో ఒక వరస మీద వేలు పెట్టారు.

"బుట్టలల్లే ఆవిడుండేది. కొడుకు రేవులో పని చేసేవాడు. ఆ మూడు నెలల్లో ఏడు ఉత్తరాలు రాశాడు. వాన తగ్గాక వెళ్తే గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, మావాడు రాశాడా నాయనా అంది."

"ఏమన్నారు?" కోడలు అడిగింది.

"లేదన్నాను."

ఆమెకు కోపం వచ్చింది. కళ్ళనిండా నీళ్ళూ వచ్చాయి. ఏది ఎవరి మీదో తేల్చుకోలేక కాగితాల మీదికి వంగింది. అప్పుడు గమనించింది, పంపినవాళ్ళ చిరునామాలు ఇంటి నంబర్లతో సహా వరసగా ఉన్నాయి.

"అత్తయ్యా, ఆ పల్లెవాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో చెప్పేవి దాదాపు ఈ రెండు కాగితాలే. మీరు కాల్చేసి ఉంటే వాళ్ళని వెతికే దారే పోయేది."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "మరి రేపు ఆఫీసులో ఏం చెప్తావే?"

"తనేం చెప్పక్కర్లేదు. నేనూ వెళ్తాను" అన్నారు మామగారు. "ఎవరు రాశారో, ఎందుకు రాశారో నేనే చెప్తాను. అమ్మాయ్, అటువైపు చెయ్యలేదని నీతో అబద్ధమాడాను. క్షమించు."

కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. దొంగని పట్టుకుందామని చాచిన తన చెయ్యే అది.

కంచాలు తీశాక ఆయన ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నారు. రేవులో పనిచేసిన కొడుకు చిరునామా పైన రాసుకుని, గంటసేపు కూర్చున్నారు. రాసిందంతా నాలుగు వరసలే. అత్తగారు చదవమంటే ఆయన కాగితం ముందుకు జరిపారు. కోడలే అందుకుని చదివింది.

"అయ్యా, మీరు గానీ మీ పిల్లలు గానీ ఇది చదువుతారని ఆశ. మీ అమ్మగారు అప్పుడు ఊరు విడిచి వెళ్ళలేదు. మీ ఉత్తరం వచ్చిందా అని గుమ్మంలో నిలబడి అడిగారు. రాలేదని చెప్పిన పోస్టుమాన్ని నేను."